అక్క కోసం ఆవిరి చుక్క

నా టెలిస్కోపు పెట్టెలో అద్దం తుడిచే మెత్తటి గుడ్డ ఒకటుంది. దాని మూలన పసుపు మరక. ఎంత ఉతికినా పోలేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కొబ్బరినూనె, బంతిపూలు కలిసిన దసరా వాసన వస్తుంది. చుక్కలను చూసే పరికరానికి పసుపెందుకంటారా, అది మా సంగమ్మక్క చలవ. జహీరాబాద్ బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగుతూ నేను చెప్పేటప్పుడు ఆ టెలిస్కోపు లారీ సైలెన్సరంత ఉంటుంది, నిజానికి నా మోచెయ్యంతే. రిటైరయ్యేదాకా ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరునని కూడా చెబుతుంటాను. బోల్టులు సరిగ్గా బిగిశాయో లేదో చూడటం నా పని.

మా చిన్నప్పుడు న్యాల్‌కల్ దగ్గర మా చేనుకు చలికాలం వచ్చిందంటే, అది చలితో కాదు, వాసనతో వచ్చేది. చెరుకు నరకడం మొదలైన నాడే మా నాయిన గానుగ దగ్గర పొయ్యి తవ్వేవాడు, ఎద్దులు గిరగిరా తిరుగుతుంటే రసం కారి కుండలోకి, కుండలోంచి మనిషి పడుకునేంత పెద్ద పెనంలోకి చేరేది, ఎండిన పిప్పి మంటకు అది కుతకుతలాడుతుంటే బెండమొక్కల జిగురు పోసి, పైకి తేలిన మడ్డిని నాయిన పొడుగు గరిటెతో తీసి పారేసేవాడు. మేము చెరుకు ముక్క కొసను పాకంలో ముంచి, ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ చప్పరించేవాళ్లం. అమ్మ మూటగట్టి పంపిన జొన్నరొట్టె, పల్లికారం, పచ్చి ఉల్లిగడ్డ ఆ సెగ దగ్గరే తినేవాళ్లం. పిప్పి కుప్పలో దాగుడుమూతలాడితే ఒళ్లంతా గీరుకుపోయి, మర్నాడు నీళ్లు పోసుకునేటప్పుడు భగ్గున మండేది. చేతులు, జుట్టు, అంగీ గుండీలు అన్నీ బంకబంకగా ఉండేవి. ఆ కాలంలో మా అక్క జడ విప్పడానికి అమ్మకు చాలాసేపు పట్టేది.

పాకం ముదరడానికి ఇంకా సమయముందని తేలాక నాయిన పిప్పి మీద వెల్లకిలా పడుకొని ఆకాశం చూసేవాడు. బడికి పోయినవాడు కాదు, చుక్కల పేర్లన్నీ ఆయన సొంతంగా పెట్టుకున్నవే. తల మీద నాలుగు మూలల్లో నాలుగు చుక్కలుంటాయి చూడండి, అది ఆయనకు కళ్లం. ఆ కళ్లం మూల నుంచి రెండు చుక్కలు నడిచి, అక్కణ్నుంచి పక్కకు తిరిగి రెండు చిన్న చుక్కలు దాటితే, ఊదితే చెదిరేటట్టు తెల్లని మసక ఒకటి ఉండేది. పెనం మీంచి లేచిన ఆవిరి పైకి పోయి అక్కడ చిక్కుకుందని, దాన్ని ఆవిరి చుక్క అనేవాడు. మా ఇద్దరిలో దాన్ని మొదట పట్టింది నేనేనని మనవలకు ఎన్నోసార్లు చెప్పాను. పట్టింది అక్క. నేను అప్పటికే మూతికి పాకం అంటుకొని నిద్రలో ఉండేవాణ్ని. అక్క కళ్లు అంత చురుకైనవి. పొయ్యి వెలుతురుకు అరచెయ్యి అడ్డం పెట్టుకొని, నాయిన వేలు చూపకముందే చెప్పేది.

ఆ అక్కకు ఇప్పుడు ఒక కన్ను పూర్తిగా పోయింది. నీటికాసులు, అదే గ్లాకోమా. రెండో కంటికీ చుట్టూ చీకటి ముసురుకొస్తోందని, మిగిలింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని దవాఖానలో అన్నారు. ఆ మాట విన్న వారానికి ఆమె నాతో, నాయిన పోయినంక ఆవిరి చుక్కను చూడలేదనీ, ఇప్పుడు తలెత్తితే పైన బొగ్గులాగే ఉందనీ, పోయేలోగా మళ్లొకసారి కనబడితే బాగుండుననీ అంది. కన్ను పోయేలోగా అనే ఆమె ఉద్దేశం. ఆ మసక పేరు ఆండ్రోమెడా అనీ, అది కోట్లకొద్దీ చుక్కల గుంపు అనీ, అక్కడి వెలుగు మనదాకా రావడానికి పాతిక లక్షల ఏళ్లు పడుతుందనీ నేను అప్పటికే ఫోన్లో చూసి నేర్చుకున్నాను. ఆకాశాన్ని ఆమె కంటికి తేలేను గనక ఫోటో తీసి, పెద్దది చేసి, దగ్గర పెట్టి చూపిస్తానని మాటిచ్చాను. నెలలో వెన్నెల లేని రాత్రులు కొన్నే, వాటిలో మబ్బు లేనివి ఇంకా కొన్ని. అందుకే దసరాకు ముందే టెలిస్కోపును అక్క ఇంటికి చేర్చాను, ఆ ఊళ్లోనైతే హైవే దీపాలు అడ్డురావు.

దసరానాడు అక్క వాకిట్లో కొడవళ్లు, పారలు, మందు కొట్టే పంపు, బోరు మోటారు స్టార్టరు వరుసగా పెట్టి పూజ చేసింది. ఇంట్లో పనిముట్టన్నది ఏదీ ఆ పూట బొట్టు లేకుండా ఉండకూడదు. సాయంత్రం నేను జమ్మి ఆకు పట్టుకొని పోయేసరికి టెలిస్కోపు మెడలో బంతిపూల దండ వేలాడుతోంది. ముచ్చటపడి, దండ తీసి, పక్కన పడున్న మూత పెట్టాను. అంతే.

వెన్నెల తగ్గాక, దీపావళి పటాకుల పొగ రాకముందు, నేనూ నా చిన్ననాటి దోస్తు ఖాజా కలిసి అక్క ఇంటి వెనక దొడ్లో పని మొదలుపెట్టాం. ఖాజాకు ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది, ఇప్పుడు ఫోటోలు సవరించే పని కంప్యూటరు మీద చేస్తాడు. ధ్రువ నక్షత్రానికి సరిచేసిన మోటారు భూమి తిరుగుడుకు తగ్గట్టు టెలిస్కోపును తిప్పుతుంటే, కెమెరా ఒక్కో నిమిషం కళ్లు తెరిచి వెలుగు తాగుతుంది, అలాంటి ఫోటోలు చాలా తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే మసక రూపం కడుతుంది. ఆ రాత్రి అడవి పంది మీదికొచ్చినా కదలలేదని హోటల్లో చెప్పాను. వచ్చింది అక్క వాళ్ల దూడ. నేను కదిలాను కూడా.

మర్నాడు ఫోటోలు పేర్చి చూస్తే ప్రతి చుక్క చుట్టూ తెల్లటి బూజు.

"చుక్కలకు గూడ చలి వెట్టినట్టుంది భాయ్, అన్నీ షాలువలు కప్పుకున్నయ్," అన్నాడు ఖాజా.

మంచనుకున్నాం, పొగమంచనుకున్నాం. ఆఖరికి ఖాజా అద్దం మీద టార్చి వేస్తే పచ్చటి చారలు మెరిశాయి. అక్క నూనెలో కలిపిన పసుపు బొట్టు పెట్టింది గొట్టానికి కాదు, అద్దం నడిమధ్యన. ఎక్కువైందనిపించి కొంగుతో తుడిచింది కూడా. జీవితమంతా ఇంకొకరి బోల్టులు తనిఖీ చేసిన నేను మూత తీసేటప్పుడు ఒక్కసారి అద్దం చూసుకోలేదు. ఈలోగా మబ్బులు పట్టాయి, దీపావళి వచ్చింది, మళ్లీ వెన్నెల. పండుగకు పోతే అక్క రొట్టె పెనం మీద వేయడానికి బదులు పొయ్యి పక్కన వేసింది. నేను చూడలేదనుకొని గబుక్కున తీసింది.

ఫోటో పాడైంది మంచువల్లనని ఆమెకు చెప్పాను. ఆమె నా గొంతును చిన్నప్పటి నుంచి ఎరుగును, అబద్ధం పట్టేసి పసుపు సంగతి చెప్పించింది.

"మొకానికి గాకుంటె బొట్టు ఇంకేడ వెడ్తరు తమ్మీ. నాకేం ఎర్క, అదే దాని కన్నని," అంది.

ఆ గుడ్డతోనే, నూనె జిడ్డు పోయేదాకా, గీత పడకుండా, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాను. మళ్లీ చీకటి రాత్రులు వచ్చేదాకా ఆగాం. ఈసారి చుక్కలు సూదిమొనల్లా వచ్చాయి. ఖాజా ఆ ఫోటోను దుప్పటంత పెద్దది చేసిచ్చాడని చెబుదామనుకున్నాను, గానీ అది అన్నం తినే పళ్లెమంతే. అక్క దాన్ని ఎండలోకి తీసుకుపోయి, మంచి కంటికి ఆనించినంత దగ్గర పెట్టుకొని, అటూ ఇటూ జరుపుతూ ముక్కముక్కగా చూసింది. తిరిగే చక్రంలాంటి ఆ రెక్కలు, నల్లటి చారలు, నీలి అంచులు చూసి, ఇది మనది కాదు తమ్మీ అంది. చూపు మళ్లీ మెల్లగా మధ్యకు తెచ్చి, అక్కడి తెల్లటి ముద్ద మీద వేలు పెట్టింది.

"ఇంతే కనవడేది మనకు. సుట్టూ ఉన్నదంత అప్పుడు గూడ ఉండెనా?"

ఉండెనన్నాను.

"మరి నాయిన ఇదంత సూడకుంటనే పాయె," అంది.

ఇప్పుడు మా వైపు ఎవరూ బెల్లం వండటం లేదు. చెరుకు కోసిన పూటే లారీలెక్కి ఫ్యాక్టరీకి పోతుంది, ఆ చేలల్లో సగం అల్లం వేశారు. జహీరాబాద్ మీద ఆకాశం హైవే దీపాలకు తెల్లారినట్టే ఉంటుంది, మంచి కళ్లున్న పిల్లలు తలెత్తినా ఆ మసక కనబడదు. అక్క రెండో కన్ను కూడా ఈ మధ్య మూసుకుంటూ వస్తోంది. నేను పోయినప్పుడల్లా ఫోటో ఒళ్లో పెట్టుకొని, ఏమేం ఉన్నాయో చెప్పమంటుంది. రెక్క ఎటు తిరిగిందో, చార ఎక్కడ మొదలైందో చెబుతాను. మొన్న ఉత్సాహమెక్కువై, కింది అంచున దీపంలా వెలిగే ఎర్ర చుక్క ఒకటుందన్నాను. అక్క వేలితో ఆ అంచంతా తడిమి, నవ్వింది.

"ఆడ చుక్క లేదు తమ్మీ. గది నువ్వు వెట్టినవ్."

ఔనక్కా, నేనే పెట్టిన అన్నాను.