పుక్కిలిస్తే చాలని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు

మా కింది వాటాలో పళ్ళ ఆసుపత్రి నడిపిన డాక్టరమ్మ గారు మొన్న పోయారు. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులకు పాకిందని రాజమండ్రి పెద్దాసుపత్రి నుంచి వాళ్ళాయన ఫోన్ చేసి చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

ఆవిడకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. మన నోట్లో పనిముట్టు పెట్టి కబుర్లు అడిగేవారు, జవాబు చెప్పలేక చేతులాడిస్తే పకపకా నవ్వేవారు. కడియం పూలమొక్కల నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళు మట్టికాళ్ళని చూసుకుని బయటే ఆగిపోతే, "కాళ్ళతో నాకేం పనండీ, పళ్ళు తెచ్చారా లేదా?" అని లోపలికి పిలిచేవారు.

కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళ చేతా ముందుగా మౌత్‌వాష్‌తో పుక్కిలింపించేవారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"నోట్లో వైరస్ ఉంటే కాసేపు తగ్గుతుందండి. తుంపర్లు పడేది నా మొహం మీదే కదా! అంతకుమించి ఏం లేదు. ముక్కులో, ఊపిరితిత్తుల్లో ఉన్నదాన్ని ఇదేం చేస్తుంది?"

సెంటర్లో మందుల షాపాయన ఇందులో మొదటి ముక్క మాత్రం పట్టుకున్నాడు. ఆవిడ ఫొటోతో షాపు ముందు ఫ్లెక్సీ కట్టాడు: "పుక్కిలించండి, వైరస్‌ను తరిమేయండి!" ఆవిడ వెళ్ళి నిలదీసినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"నేనెప్పుడన్నానండీ ఈ మాట? తీసేయండి."

"మీకూ పేరే కదండీ మేడమ్," అని నవ్వాడు. తీయలేదు.

ఈ చలికాలం ఊరంతా జ్వరాలు. దగ్గుతూ వచ్చినవాళ్ళను మాస్కు పెట్టుకోమంటే, "పుక్కిలించే వచ్చామండి, మీరే చెప్పారు కదా!" అని ఆవిడకే అప్పజెప్పేవారు. కొందరిని కేకలేసి వెనక్కి పంపారు. దవడ వాచి ఏడుస్తున్నవాళ్ళను పంపలేకపోయారు. ఆ జ్వరం ఎవరి నుంచి అంటుకుందో నేను చెప్పలేను. అబద్ధం రాయించినవాడెవడో మాత్రం చెప్పగలను.

ఆ షాపాయన పూలదండతో డాక్టరమ్మ గారింటికి పరామర్శకు వచ్చాడు. ఆవిడ భర్త గుమ్మంలోనే ఆపేశారు.

"దండ వద్దండి. ముందెళ్ళి ఆ ఫ్లెక్సీ దింపండి."

"ఇప్పుడా మాటలెందుకండీ..." అని నసిగాడు.

నేనిక అక్కడ నిలబడలేదు. సెంటర్‌కు వెళ్ళి తాళ్ళు కోసి ఫ్లెక్సీని కిందికి లాగేశాను. ఒక్కరూ అడ్డు రాలేదు.

తిరిగి వచ్చేసరికి, మూసి ఉన్న ఆసుపత్రి ముందు ఒక పెద్దావిడ బుగ్గకు చెంగు అదిమిపెట్టుకుని కూర్చుని ఉంది.

"డాక్టరమ్మ గారు భోజనానికెళ్ళారాండి?"

నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"పర్లేదండి, వచ్చేదాకా ఉంటాను," అంటూ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.