క్రీజుకు నాలుగడుగుల ముందు గంతు

నా మనవరాలికి బౌలింగ్ కోచ్ కోసం మూడు జిల్లాలు గాలించాను. అంటే, రెండు ఊళ్లు. తల్లాడ ఒకటి, పాల్వంచ ఒకటి. బస్సు మారడానికి దిగిన చోట టీ తాగుతూ ఒకాయన్ని అడిగాను గనక దాన్నీ లెక్కలో కలిపాను.

మాది దమ్మపేట దగ్గర పామాయిల్ తోట. పాల్వంచ కరెంటు ప్లాంటులో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసి, రిటైరై ఆ తోటకు చేరాను. మనవరాలు పదేళ్లప్పుడు బంతి పట్టింది. చెట్ల వరుసల మధ్య సందే దాని గ్రౌండు. పదహారు వచ్చేసరికి ఆ బంతి వేగానికి మా అబ్బాయి బ్యాటు పట్టుకుని ఎదుట నిలబడడం మానేశాడు. ఇందులో అబద్ధం లేదు, కావాలంటే వాడి మోకాలు చూడండి.

వేగానికి కొదవ లేదు. చిక్కల్లా నో బాల్. మండలం మ్యాచ్‌లో ఒక్క ఓవర్లోనే మూడు పడ్డాయి. ఆ రోజు పిల్ల అన్నం ముట్టలేదు. ఖమ్మంలో ఉమ్మడి జిల్లా అమ్మాయిల జట్టు ఎంపికకు ఇరవై రోజులే ఉంది. అందులో పేరు రాకపోతే బంతి పక్కన పెట్టి ఎంసెట్ కోచింగ్‌లో చేరాలని వాళ్ల నాన్నతో ఒప్పందం.

తల్లాడ కోచ్ దగ్గర నేను నా బౌలింగ్ రోజుల గురించి, కంపెనీ మ్యాచ్‌లో తీసిన ఏడు వికెట్లతో సహా, గంట చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. పిల్ల బంతి వేస్తే భేష్ అన్నాడు. నో బాల్ సంగతి అడిగితే అదే సర్దుకుంటుందన్నాడు. ఇద్దరం ఎంతో సంతోషంగా విడిపోయాం. తిరిగొచ్చి తోటలో వేస్తే మళ్లీ నో బాలే.

పాల్వంచలో పాత దోస్తులు ఇంకొకాయన సంగతి చెప్పారు. నలభై దాటిన మనిషి, ప్లాంటులో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు మీద పని, కాలనీ గ్రౌండులో బౌలింగ్ నేర్పుతాడు. మాట తక్కువ. వారం వారం షిఫ్టు మారుతుంది గనక ఎప్పుడు దొరుకుతాడో తెలియక పిల్లల్ని ఎవరూ పంపరట. నేను వేళ్ల మీద లెక్కవేసి, బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు పిల్లను వెంటబెట్టుకుని ప్లాంటు గేటు బయట నిలబడ్డాను. ముఖాన బొగ్గు పొడితో అలాగే మాతో గ్రౌండుకు వచ్చాడు. ముప్పై ఏళ్ల నౌకరీ నాకు నేర్పిన విద్య ఈ షిఫ్టుల లెక్క ఒక్కటే, ఆ రోజు పనికొచ్చింది.

నా బౌలింగ్ రోజుల గురించి మొదలుపెట్టాను. ఆయన వినకుండా పిల్ల చేతికి బంతి ఇచ్చాడు. మూడు బంతులు చూశాడు. చూసింది బంతిని కాదు, పాదాల్ని. తర్వాత నడిచి వెళ్లి, క్రీజుకు నాలుగడుగుల ముందు పిల్ల గంతేసే చోట బూటుతో నేల గీకాడు.

"ఈడ ఏమున్నదమ్మా?"

"ఏం లేదు సార్."

"మరి దేన్ని దాటుతున్నవ్?"

పిల్ల తల ఎత్తింది. "అది మా తాత స్టైల్ సార్. తాత కంపెనీ టీముల గిట్లనే దునికి ఏసేటోడు."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు. నన్ను పక్కకు తీసుకుపోయి, ఆ గంతు వల్ల అడుగులు తప్పి ముందు కాలు గీత దాటుతోందని చెప్పాడు. గంతు మానితే పిల్లకు తిరుగులేదన్నాడు. "తాత స్టైల్ అనుకున్నన్ని రోజులు నేను చెప్తే ఇడవది. నువ్వే చెప్పాలె, పెద్దాయనా."

ఇన్నేళ్లలో ఎన్ని కోతలు కోశానో నాకే లెక్క లేదు. విప్పి చెప్పడం అదే మొదలు. పిల్ల దగ్గరికి నడిచాను.

"బిడ్డా, అది స్టైల్ గాదు. డ్రిప్ పైపు."

"ఏంది తాతా?"

"తోటల నీ దారికి అడ్డంగ పైపున్నది గదా. తొక్కి పగలగొడ్తవని నేనే దునుకుమన్న. ఎందుకని అడిగితే, నేను గూడ గట్లనే ఏసేటోణ్ని అన్న."

"మరి నువ్వెట్ల ఏసేటోడివి?"

"నేను ఏయలే. స్కోరు రాసేటోణ్ని."

"ఏడు వికెట్లో?"

"రాసిన. తీసింది వేరేటోడు."

పిల్ల బంతిని చేతిలో తిప్పింది. "నానమ్మకు తెలుసా?"

"అవ్. అందుకే నేను చెప్పుడు మొదలువెట్టంగనే లేచి వంటింట్లకు పోతది."

ఆ రోజు బస్సులో దమ్మపేట దాకా వెనక సీట్లో కూర్చుంది. కిటికీ పక్క సీటు నాకు వదిలింది, అంతే. మర్నాడు పొద్దున్నే నేను పార పట్టి కాలువ తీసి, పైపును జానెడు లోతున పూడ్చాను.

కోచ్ పిల్లను క్రీజు దగ్గర వెనక్కి తిప్పి నిలబెట్టి, అటు ఉరకమనేవాడు. చివరి అడుగు ఎక్కడ పడిందో అక్కడ సున్నం చుక్క, పరుగు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. రోజూ అదే పని. వారం గడిచేసరికి చుక్కలన్నీ ఒక్కచోట పడ్డాయి. షిఫ్టు మారినప్పుడల్లా మా బస్సు వేళ మారేది. ఒక్క రోజు కూడా ఆయన్ని మేం తప్పిపోనివ్వలేదు.

ఖమ్మం ఎంపిక మ్యాచ్‌లో మా పిల్ల ఐదు వికెట్లు తీసింది. సరే, రెండు. అందులో ఒకటి అవతలి పిల్ల తన బ్యాటుతో తానే వికెట్లు పడగొట్టుకుంది. అయితే నాలుగు ఓవర్లలో అంపైరు నో బాల్ అని చెయ్యి ఒక్కసారి కూడా పక్కకు చాచలేదు. సాయంత్రం చదివిన జాబితాలో పేరు వచ్చింది. చివర్న వచ్చింది, కానీ వచ్చింది.

ఎంపికైన పిల్లల కాగితాలు రాయించుకునే ఆయన, పక్కనే నిలబడి మీసం సర్దుకుంటున్న నన్ను చూసి, పెద్దాయన కూడా క్రికెట్ ఆడేవారా అని అడిగాడు. నేను నోరు తెరిచాను. మనవరాలు నా భుజం మీద చెయ్యేసింది.

"లేదు సార్. మా తాత ఏనాడు ఆడలే. గని నా కోచ్‌ను ఎతికి పట్టుకొచ్చింది ఈయనే."

ఆ మాట ఇప్పటికి ఊళ్లో అందరికీ చెప్పాను, కొందరికి రెండేసి సార్లు. ఒక్క అక్షరం కలపలేదు.