మిగిలిన ఆకుకూర

పదేండ్ల కిందట, బడులు తెరిచే జూన్ నెలలో, బెళుగుప్ప దిక్కు ఒక సర్కారు ఆడపిల్లల హాస్టల్లో నన్ను వంటమనిషిగా వేసినారు. అంతకు ముందు తొమ్మిదేండ్లు ఆడనే కామాటిని. కామాటి అంటే డేక్సాలు తోమి, నీళ్లు పట్టి, వాకిలి ఊడ్చే పని. వంటమనిషి దాని మీద మెట్టు. గంటె చేతికొచ్చినాక కామాటికి నేనే పని చెప్పేదాన్ని. అయిదో తరగతితో బడి చాలించినదానికి అది చిన్న కొలువేం కాదు.

సరుకు పొదుపు చేయడంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. మొదట అన్నం, దాని మీద పప్పు, కడాన అడిగినవాళ్లకు ఆకుకూర పల్యం. పిల్లోళ్లు అన్నంతోనే కడుపు నింపుకొని లేచేవాళ్లు. పల్యం డేక్సాలో మిగిలేది. మిగిలిందని సంతోషపడేదాన్ని. సాయంత్రానికి అదే వచ్చేది, ఇంకో నాలుగు కట్టలు తరిగే పని తప్పేది.

వానలు ఎగ్గొట్టిన ఆ శ్రావణంలో నర్సమ్మ వచ్చి పిల్లల వేలు గుచ్చి రక్తం చూసింది. చానామందికి తక్కువ. వార్డెనమ్మ నన్ను పిలిపించింది. పక్క మండలం హాస్టల్లో పిల్లలు బాగుండారని, ఆడి వంటమనిషి నాగరత్నమ్మకూ నాకూ వచ్చే సరుకు ఒకటేనని చెప్పింది. దసరా సెలవులైనాక మళ్లా చూస్తారని, అప్పటికీ ఇట్లే ఉంటే ఆమెను ఈడికి తెప్పించి నన్ను కామాటి పనికే పంపిస్తానని కూడా చెప్పింది.

నాగరత్నమ్మ నాకన్నా పదేండ్లు చిన్నది. తల నిండా కనకాంబరాలు పెట్టుకొని పొయ్యి ముందర నిలబడుతుంది. మీటింగుల్లో ఆఫీసర్లు ఆమెతో నవ్వుతా మాట్లాడేది చూస్తే నాకు కడుపు మండేది. ఇప్పుడు ఆమె గంటె తిప్పుతాంటే నేను కింద కూర్చొని డేక్సాలు తోమేదా?

ఒక ఆదివారం బస్సెక్కి ఆమె హాస్టల్‌కు పోయినాను. పెద్ద జల్లిగంటె అడిగేకి వచ్చినానని సాకు.

“ఏమక్కా, గంటె కోసం ఇంత దూరమా? నా డేక్సాలో ఏముండాదో చూసేకి వచ్చినావు లే,” అని నవ్వింది. “చూడు, దాపరికమేముండాది!”

చూసినాను. నూనె ఎక్కువ పోస్తాందేమో, సరుకు ఇంకా యాడనుంచైనా వస్తాందేమో అని వెదికినాను. అట్లాంటిదేమీ లేదు. ఒకటే తేడా. పిల్లోళ్లు ఆకలితో అన్నం తట్టలు పట్టుకొని నిలబడితే, ముందు తోటకూర పల్యం, గుప్పెడు ఉడకబెట్టిన చెనక్కాయ విత్తనాలు పెట్టి, మీద నిమ్మకాయ పిండింది. ఆ తట్ట ఖాళీ చేసి చూపిస్తేనే అన్నం, పప్పు. చివరికి ఆమె డేక్సాలో అన్నం మిగిలింది, ఆకు మిగల్లేదు. ఇంత చిన్న పని నాకు తోచలేదే అని బస్సులో పండ్లు పటపట కొరుక్కుంటా కూర్చున్నాను.

మరుసటి రోజే నేనూ అట్లే వడ్డించినాను. ఒకటే గోల. ఎనిమిదో తరగతి సుజాత తట్ట వెనక్కి తోసింది.

“మేమేమన్నా మేకలమా అవ్వా? ముందు బువ్వ పెట్టు.”

“మేకలే నయం, పెట్టింది తింటాయి. తిను, బువ్వ యాడికీ పోదు.”

నెల తిరిగేసరికి గోల అణిగింది. దసరా తర్వాత నర్సమ్మ మళ్లా వేళ్లు గుచ్చింది. ఆమె ఇచ్చిన మాత్రలు కూడా పిల్లోళ్లు మింగినారు, ఏదైతేనేం రక్తం చానామందికి పెరిగింది. ఎట్లా చేసినావని వార్డెనమ్మ అడిగితే, నా బుర్రకే తట్టిందని చెప్పినాను.

తర్వాత వంటమనుషుల మీటింగులో ఆ పద్ధతి అందరికీ చెప్పమని నన్ను లేపినారు. నాగరత్నమ్మ ముందు వరసలోనే కూర్చోనుంది. నేను చెప్పినంతసేపూ నా మొహమే చూసింది. పక్కనున్నామెతో గుసగుస కూడా పోలేదు. పోట్లాడింటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆ సందు కూడా ఇయ్యలేదని ఆమె మీద ఇంకా కుళ్లుకున్నాను.

వంటమనిషిగానే రిటైరైనాను. ఆ కొలువులో నేను నేర్చుకొనింది, ఆకలి మీదున్నప్పుడు ఆకూ గింజలూ ముందు తినల్ల, అన్నం వెనక తినల్ల. ఆకుకూర డేక్సాలో మిగిలిందంటే పిల్ల కడుపులోకి పోవాల్సింది పోలేదని అర్థం. ఈ పద్ధతి నాగరత్నమ్మది. ఆ మీటింగులోనే ఈ మాట చెప్పింటే నా పని ఎవరూ పీకేవాళ్లు కాదు.