గుడి ముంగిట గుమ్మరించిన మిరపకాయలు

యాభైల చివర నేను గుంటూరులో రసాయనశాస్త్రం చదువుతున్న రోజులవి. సత్తెనపల్లి దగ్గరి మా ఊళ్లో కతోలికులందరూ ఏటా మిరప కోతలయ్యాక పంటలో కొంత గుడికి కానుకగా ఇచ్చేవారు. పూజ ముగిశాక ఫాదర్‌గారు వాటిని గుడి ముంగిట వేలం వేయించేవారు.

ఆ ఏడు అకాల వర్షానికి కల్లాల్లో కాయ తడిసి, ఎవరింట చూసినా తెల్లబారిన తాలుకాయే ఎక్కువగా మిగిలింది. అయినా వితంతువైన మా అమ్మ నిండు బస్తా ఇచ్చింది. పెద్ద రైతు చిన్నప్ప బాబాయి పదిమందిలో నవ్వాడు.

"వదినా, పైన ఎర్రకాయ పరిచి అడుగున తాలు కూరావా ఏంటి? దేవుడు బస్తా విప్పి చూడడనేగా!"

రుజువు లేనిదే ఏ మాటా నమ్మని నేను ఆ బస్తా అడుగు చూడనే లేదు.

"మొత్తం గుమ్మరించరా," అంది అమ్మ.

గుమ్మరించాను. ఘాటుకు అందరూ తుమ్ముతుండగా ముంగిలంతా ఎర్రబడింది. నేనే వంగి కెలికి వెతికినా ఒక్క తాలుకాయ దొరకలేదు.

"తాలు మా ఇంట్లో ఉంది, మేం తింటాం. ఇప్పుడు నీ బస్తా గుమ్మరించు, మరిదీ."

"ఎందుకులే వదినా, హాస్యానికన్నా."

"నేను హాస్యానికి అనట్లేదు."

"ఒకరికే పెడితే అది పరీక్ష కాదు బాబాయ్, అవమానం," అన్నాను నేనూ.

ఆయన తన బస్తా మూతి విప్పనివ్వలేదు. అందులో ఏముందో నాకు నేటికీ తెలియదు, చూడనిదాన్ని గురించి రాయను. దేవుణ్ణి గురించిన నా సందేహాలూ తీరలేదు. కానీ పేదల కానుకను శంకించే పెద్దమనిషి ఎదురైనప్పుడల్లా "ముందు మీది గుమ్మరించండి" అంటున్నాను. ఇకముందూ అంటాను.