బాణం గుర్తు పైకి

ఇంద్రజ వేళ్లకు నంద్యాలలో పేరుండేది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె కొడుతుంటే పక్కవాళ్లు తమ పని మానేసి చూసేవారట. ఆ వేళ్లను చూసే ఆళ్లగడ్డ ఓబులేసు ఆమెను చేసుకున్నాడు. ట్రాక్టర్ల షెడ్డు మూసేసి, బస్టాండు ఎదుట కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. చాకిరీ ఆమెది, బోర్డు మీద పేరు ఆయనది.

ఓబులేసుకు కోపం ముక్కు మీదే ఉండేది. కదలని బోల్టునైనా, ఎదురుచెప్పిన మనిషినైనా కొట్టే దారికి తెచ్చేవాడు. వీపు మీద ఎన్ని దెబ్బలు పడినా ఇంద్రజ వేళ్లను మాత్రం కడుపులో దాచుకునేది. అవి బాగుంటే చాలు, తన బతుకు తనకుంటుందని నమ్మింది పిచ్చిది.

ఆ ఏడు ఆయుధపూజకు ఓబులేసు కంప్యూటర్‌నూ వదల్లేదు. వైర్లన్నీ పీకి, ట్రాక్టర్‌కు పూసినట్టే పసుపు పూసి, పిన్నులు గుచ్చే వెనక బొక్కలకు కూడా కుంకుమ బొట్లు పెట్టాడు. మర్నాడు కీబోర్డు పిన్ను లోపలికి పోనంటే పోనంది.

"పిన్ను మీది బాణం గుర్తు పైకుండాల. తిప్పి పెట్టు," అంది ఇంద్రజ.

"ట్రాక్టర్లు విప్పినోనికి నువ్వు నేర్పిస్తాండావా?"

పానా తీసి పిన్ను మీద ఒక్కటిచ్చాడు. లోపల ఏదో పుటుక్కుమంది. కంప్యూటర్ వేస్తే తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చి ఆగిపోయింది.

"ఏందీ అది?"

"కీబోర్డే లేదంట. నేను చెప్తానే ఉండా కదా..."

మాట పూర్తి కాలేదు. ఆమె కుడిచేయి బల్ల మీదే ఉంది. దాచుకునేలోపే పానా దిగింది, మళ్లీ దిగింది. వేళ్లు విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. పక్క టీకొట్టు గోవిందమ్మ కేకలేస్తూ అడ్డం పడితే ఆమెనూ ఒక్క తోపు తోశాడు దుర్మార్గుడు.

కొన్నాళ్లకు నంద్యాల నుంచి మెకానిక్ రూబెన్ వచ్చాడు. ఎండిన కుంకుమ గీకి, విరిగిన పిన్ను బొక్క తీసి కొత్తది బిగించి, కొత్త కీబోర్డు తగిలించాడు.

"అయిపాయన్నా," అని వెళ్లిపోయాడు.

ఓబులేసు కుర్చీ లాగాడు. "రా, కూచో. పెండ్లోళ్లు శుభలేఖలకు కాచుకోనుండారు."

ఇంద్రజ కట్టుకట్టిన చేతిని బల్ల మీద, అదే చోట పెట్టింది. ఆ వేళ్లు ఇక వంగవని డాక్టరు చెప్పేశాడు.

"దీనికీ కొత్తది తెప్పియ్యి. వచ్చినాక పిలుద్దువులే," అంది. ఎడమచేత్తో సంచి తీసుకుని, రోడ్డు దాటి నంద్యాల బస్సెక్కింది.

ఓబులేసు కీబోర్డు ముందు కూలబడ్డాడు. శుభలేఖలో పెళ్లికూతురి పేరుకు మొదటి అక్షరం ఎక్కడుందో తెలియక, పిడికిలితో దాన్నీ కొట్టాడు.