ఫోన్లకెక్కిన అప్పగింతల పాట

పెళ్లయ్యాక పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పాడే పాట మా మునగాల వైపు నేను పాడినట్టు ఎవరూ పాడరని పేరు. గొంతు మాత్రం గరుకు. రోట్లో ఎండుమిరపకాయలు దంచినట్టు ఉంటుందని మా ఆయన అనేవాడు. ఆ గొంతునే కోదాడలో సీడీల దుకాణమాయన ముచ్చటపడి రికార్డు చేశాడు. వెనక గదిలో గోడలకు పరుపులు కట్టి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపించి పాడించాడు. డోలక్ కొట్టే పెద్దాయన చెమటకు తట్టుకోలేక చొక్కా విప్పేసి కొట్టాడు. మా ఆయన బయట వీధిలో నిలబడి, హారన్ కొట్టకండని వచ్చే పోయే ఆటోలకు దండాలు పెట్టాడు.

సీడీ వచ్చిన ఏడాదే మా ఆయన పోయాడు. ఆ తర్వాత నన్ను పెళ్లికి పిలిచేవారు గానీ పాటకు పిలిచేవారు కాదు. బొట్టు తీసేసిన దాని నోట పెళ్లిపాట వినకూడదట. ముఖం మీద ఎవరూ అనలేదులెండి. "నీకెందుకు తిప్పలు, జర వంటకాడ సూడు" అనేవారు. గరిటె చేతికిచ్చి నోట్లోంచి పాట తీసుకున్నారు.

కొన్నేళ్లకు సూర్యాపేటలో ఒకరోజు ఆటో ఎక్కితే, డ్రైవరు ఫోన్లోంచి నా గొంతు!

"తమ్మీ, గా పాడేది నేనే" అన్నాను.

"అయితే డోలక్ కొట్టేది నేనే పెద్దమ్మా" అన్నాడు, వెనక్కి కూడా చూడకుండా.

ఊరుకుంటానా? ఫోనుతోపాటు నేనూ పాట ఎత్తుకున్నాను. ఆటో పక్కకు ఆగింది. అద్దంలో చూశాడు, చాలక దిగి వచ్చి చూశాడు. చెల్లెలి పెళ్లికని మిర్యాలగూడలో మొబైల్ షాపుకు పోయి మెమరీ కార్డులో ఎక్కించుకున్నాడట. ఎవరో నెట్‌లో పెడితే అందరూ ఊరికే దించుకుంటున్నారట. అంటే నన్ను పాటకు పిలవని పెళ్లిళ్లన్నిటికీ నేను పోయి పాడి వస్తున్నానన్నమాట. అదీ పెద్ద పెద్ద సౌండు బాక్సుల్లో! బజారులో ఏం కొనాలని వచ్చానో మరిచిపోయి, నాలో నేను నవ్వుకుంటూ ఇంటికి చేరాను. నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న టీచరమ్మ కూడా ఇప్పుడు నవ్వుతోంది.

కోదాడ ఆయన మాత్రం ఏడుపు ముఖంతో మా ఇంటికొచ్చాడు. సీడీలు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయట.

"పెద్దాయన అంత చెమటోడ్చి కొట్టాడు, నువ్వు గొంతు పోయేలా పాడావు. ఊరికే లాక్కుంటే దొంగతనం కాదా అమ్మా? ఆ షాపులకెళ్లి తీసేయమని అడుగుదాం. పాడినదానివి, నువ్వు చెబితే వింటారు."

ఆయన మాట అబద్ధం కాదు. మన చేలో కంకులు ఎవరన్నా విరుచుకుపోతే మనం నవ్వుతామా? కానీ షాపుల్లో తీసేస్తే నేను మళ్లీ వంటకాడికే. మా చెల్లె బిడ్డ పెళ్లి కానివ్వు, వస్తానని తప్పించుకున్నాను.

ఆ పెళ్లి చిలుకూరులో. సొంత చెల్లెలే నన్ను వంటకాడ కూర్చోబెట్టింది, మిర్యాలగూడ వియ్యాలవారు ఏమంటారోనని. అప్పగింతల వేళకు పిల్ల బాబాయి తన ఫోనుకు వైరు పెట్టి పాట పెట్టాడు. నా పాటే. ఆడవాళ్లందరూ కొంగులు కళ్లకు అద్దుకుంటున్నారు. అంతలో ఫోనొచ్చింది. పాట ఆగి, డప్పుల మోతతో రింగుటోను బాక్సులు పగిలేలా మోగింది. బాబాయి వైరు పీకి, "హలో, సిగ్నల్ లేదు" అనుకుంటూ రోడ్డు మీదికి పోయాడు. పోయినవాడు రాలేదు.

మా వైపు పాట సగంలో ఆగితే పిల్ల గడప దాటదు. పిల్ల ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది. కారు స్టార్టు చేసి ఉంది. ఎవరికీ మిగతా పాట రాదు. అందరూ ఫోన్లలో విన్నవారే గానీ నేర్చుకున్నవారు లేరు.

నేను గంజి గిన్నెల మధ్య కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మిగతా సగం ఎత్తుకున్నాను. అంతా బాక్సుల వైపు చూశారు. తర్వాత గిన్నెల వైపు చూశారు.

పాడేదెవరని పెళ్లికొడుకు తల్లి అడిగింది. మా చెల్లె తల దించుకొని, "ఫోన్ల పాడింది మా అక్కనే" అంది.

వియ్యపురాలు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నా బిడ్డ పెండ్లికి గీ పాటనే పెట్టినం. నా బిడ్డ పిల్లలతోని సల్లగున్నది. గాడ గూసున్నవేంది వదినె, ముందటికి రా."

చేతికి పసుపు, కారం అట్లనే ఉండగా ముందుకు పోయి పాడాను. ఏడవాల్సిన పాటలో నాకు నవ్వు ఆగలేదు. పిల్ల కూడా నవ్వుతూనే గడప దాటింది.

ఇక పిలుపులే పిలుపులు. షాపులకు పోయి తీసేయమని నేను అడగలేదు. కానీ పాటకు పిలవడానికి ఎవరొచ్చినా, కోదాడ పోయి సీడీ కొనుక్కొని వస్తేనే వస్తానన్నాను. ఆడించే మిషను లేదన్నా వినలేదు. సీడీలు అమ్ముడయ్యాక కోదాడ ఆయన డోలక్ పెద్దాయనకు చొక్కా గుడ్డ పెట్టాడు. మిషను లేనివాళ్లు ఆ సీడీలను పిట్టలు వాలకుండా వరి చేలలో కట్టారు. ఇప్పుడు బస్సులో మునగాల దాటుతుంటే ఎండకు తళుక్కుమంటూ చేలన్నీ నేనే.