ఎదురింటత్త చూపించిన లాయరు

తమిళం మాట్లాడే ఉప్పళంలో, మా తెలుగువాళ్ళ వీధి కుళాయి దగ్గర మాటామాటా పెరిగి మా నాన్న ఎదురింటి మామను తోసేశాడు. మామ గట్టు మీద పడ్డాడు, చెయ్యి విరిగింది. కేసయింది. కోర్టు నుంచి సమన్లు వచ్చిన రోజు నాన్న తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు.

"తోసింది నిజం. జడ్జి అడిగితే అవునంటా. నిజం చెప్పేదానికి లాయరేంది?"

మొండితనంలో నేను ఆయన కూతురినే. సరేనన్నాను.

ఆ సాయంత్రం ఎదురింటత్త మా వాకిట్లోకి వచ్చింది. గొడవయ్యాక రావడం అదే మొదలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కోర్టులోనే ఉచితంగా లాయర్నిచ్చే ఆఫీసుండాది వదినా. అన్నను ఒంటిగా పంపొద్దు" అని అమ్మతో చెప్పి వెళ్ళిపోయింది.

కేసు పెట్టినవాళ్ళే మాకు లాయర్ని చూపిస్తారా అని నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం ఆ ఆఫీసుకు తీసుకెళ్ళేదాకా నాన్నను వదల్లేదు. నేనూ వెంట వెళ్ళాను.

ఆ ఆఫీసువాళ్ళు ఒక లాయరమ్మను ఇచ్చారు. ఆమె ఛార్జిషీటు నిదానంగా చదివి, ఇనుప కడ్డీతో కొట్టారా అని నాన్నను తమిళంలో అడిగింది.

"కడ్డీ ఏంది? చేత్తో తోసినా" అన్నాడు నాన్న, తమిళం మరిచిపోయి.

కడ్డీతో కొట్టారని మామ చెప్పినట్టు ఇందులో ఉందనీ, జడ్జి ముందు అవునంటే కడ్డీకి కూడా అవునన్నట్టేననీ ఆమె చెప్పింది.

అత్త ఆ రోజు ఎందుకు కూర్చోలేదో నాకప్పుడు అర్థమైంది. మొగుడి అబద్ధాన్ని ఆమె తన నోటితో బయటపెట్టలేదు. దాన్ని చదివి చెప్పేవాళ్ళ దగ్గరికి మమ్మల్ని పంపింది.